బూజు విషానికి మేలుచేసే బ్యాక్టీరియా విరుగుడా?

కిందటి నవంబరులో మా ఆసుపత్రి వరండాలో తల్లుల ఆరోగ్య తరగతి జరుగుతుండగా వెనక వరుసలో కూర్చున్న ఒక అవ్వ చేయెత్తింది. "సిస్టరమ్మా, బూజు పట్టిన జొన్నల్ని పులియబెట్టి అంబలి కాచుకుంటే ఇసమంతా పోతాదంట గదా? పెరుగులో ఉండే మంచి పురుగులు ఆ ఇసాన్ని తినేస్తాయని టీవీలో చెప్పినారంట. మా కోడలు చూసింది" అని అడిగింది. కొందరు నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఆమె అడిగిన దానిలో సగం నిజం ఉంది. ఆ సగం నిజాన్ని నమ్ముకుని బూజు గింజలు వండుకుంటే మిగిలిన సగం ప్రాణం మీదికి వస్తుంది.

పంట చేతికొచ్చే వేళ వారం రోజులు ముసురు పట్టిందట. కల్లంలో ఉన్న బుడ్డలు తడిశాయి, జొన్నలు నల్లబడ్డాయి. మంచివి వ్యాపారికి వేసి, అతను వద్దన్నవి ఇంట్లో ఉంచుకున్నారు. "పారేయమంటే ఎట్లమ్మా? ఒక మూట పారేస్తే ఒక నెల తిండి పారేసినట్లే గదా" అంది ఆ అవ్వ. ఆ మాటకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఈ సంచికలో కాస్త వివరంగా చెప్పే ప్రయత్నం చేస్తున్నాము.

బూజులో విషం ఎక్కడిది?

బూజు అంటే శిలీంద్రం. అన్ని బూజులూ విషం కావు. అయితే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే పసుపుపచ్చ రంగు బూజు, దాని దగ్గరి బంధువు ఇంకొకటి, గింజలో పెరుగుతూ అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి. ఆస్పర్జిల్లస్‌లో మొదటి అక్షరం, ఫ్లేవస్‌లో మొదటి ముక్క, దానికి విషం అనే అర్థమున్న మాట కలిపి ఆ పేరు పెట్టారు. వేరుశనగ, మొక్కజొన్న, పత్తి గింజలు, ఎండు మిరపకాయలు, ఎండు కొబ్బరి దానికి ఇష్టమైన చోట్లు. పైరు పొలంలో ఉండగానే, ముఖ్యంగా కాయ ముదిరే వేళ వానలు ముఖం చాటేసి నేల వేడెక్కితే, అది కాయలోకి చేరుతుంది. కోసిన తర్వాత సరిగా ఆరకపోతే మూటలో విజృంభిస్తుంది. 25 నుంచి 35 డిగ్రీల వేడి, గింజలో తేమ, ఈ రెండూ ఉంటే దానికి ఇంకేమీ అక్కరలేదు. మన ప్రాంతంలో ఆ వేడికి కొదవ లేదు కదా.

ఈ విషం సంగతి ప్రపంచానికి 1960లో తెలిసింది. ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోయాయి. చివరికి వాటి దాణాలో కలిపిన వేరుశనగ చెక్క దగ్గర ఆ కారణం దొరికింది. ఆ చెక్క బ్రెజిల్ నుంచి దిగుమతి అయింది.

మన దేశంలో మనుషులే చనిపోయారు. 1974 చివరి నెలల్లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో పచ్చకామెర్లు, పొట్టలో నీరు చేరడం వంటి లక్షణాలతో జనం పడిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి చూశారు. వారు నమోదు చేసిన 397 మంది రోగుల్లో 106 మంది మరణించారు. ఆ ఇళ్లలో మిగిలిన కూడు తిన్న కుక్కలకు కూడా పొట్ట ఉబ్బింది. తప్పంతా అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నలది. వేరే తిండి కొనుక్కునే స్తోమత లేనివాళ్లు వాటినే తిన్నారు. ఆ గింజల్లో కిలోకు 6 నుంచి 15 మిల్లీగ్రాముల అఫ్లాటాక్సిన్ ఉన్నట్లు తేలింది. ఇప్పుడు మన దేశపు ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ధాన్యాలకు, పప్పులకు పెట్టిన హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు. అంటే పది టన్నుల లారీలు ఆరేడు నిండా ధాన్యం పోస్తే, వాటన్నిటిలో కలిపి ఒక్క గ్రాము. బాంస్‌వాడా గింజల్లో దానికి నాలుగు వందల నుంచి వెయ్యి రెట్ల విషం ఉంది. 2004లో కెన్యాలోనూ ఇదే కథ జరిగింది. తడి ఆరకముందే ఇంట్లో నిల్వ చేసిన మొక్కజొన్నల వల్ల 317 మంది జబ్బుపడ్డారు, 125 మంది మరణించారు.

ఇవి ఒక్కసారిగా ఎక్కువ మోతాదు పోయినప్పటి సంగతులు. మా వంటి ఆసుపత్రులకు ఎక్కువ దిగులు కలిగించేది రెండో రకం. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి పొట్టలోకి పోయే విషానికి వాంతి ఉండదు, నొప్పి ఉండదు. కాలేయం దానిని వదిలించుకోబోయి ఇంకా ప్రమాదకరమైన రూపంలోకి మారుస్తుంది. ఆ రూపం కాలేయ కణాల్లోని డీఎన్ఏకు అతుక్కుంటుంది. అలా కాలేయ క్యాన్సరుకు పునాది పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అఫ్లాటాక్సిన్‌ను, పొగాకును ఒకే వర్గంలో పెట్టింది. హెపటైటిస్ బి ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. చైనాలోని షాంఘైలో 18,000 మందికి పైగా మగవారిని పరిశీలించిన అధ్యయనం ఫలితాలు 1990ల్లో వచ్చాయి. ఒక్క అఫ్లాటాక్సిన్ ఉంటే కాలేయ క్యాన్సర్ ముప్పు మూడు రెట్లకు పైగా, ఒక్క హెపటైటిస్ బి ఉంటే ఏడు రెట్లు పెరిగింది. రెండూ కలిసినవారిలో అది దాదాపు 60 రెట్లు అయింది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా వేయించమని మా ప్రసూతి వార్డులో అంత పట్టుపట్టడానికి ఇదీ ఒక కారణం. 2011 నుంచి ఈ టీకా దేశమంతటా ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది, ఉచితం.

ఉడికిస్తే పోదా?

పోదు. చాలామంది ఇక్కడే మోసపోతారు. బూజు చనిపోతుంది గానీ అది గింజలో వదిలిన విషం చావదు. అఫ్లాటాక్సిన్ పూర్తిగా విరిగిపోవాలంటే 250 డిగ్రీల దాకా వేడి కావాలి. నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర, కుక్కరులో 120 డిగ్రీలు. పెనం మీద బుడ్డలు దోరగా వేయిస్తే కొంత తగ్గుతుంది, అంతే. పైగా కారం, వెల్లుల్లి వేసి నూరిన చట్నీలో, పొడిలో ఆ చేదు తెలియదు. "బాగున్నవి తినడానికి, బాగాలేనివి చట్నీకి" అని ఏరిపెట్టే ఇళ్లు మాకు తెలుసు. ఆ అలవాటు మానుకోవాలి. నోటికి చేదుగా తగిలిన బుడ్డను మింగకుండా ఉమ్మేయమని పెద్దలు చెప్పేవారు. అది మంచి మాట.

గానుగ నూనె గురించీ అడుగుతుంటారు. మిల్లులో శుద్ధి చేసినప్పుడు నూనెలోని విషం దాదాపు పోతుంది. గానుగ నూనెకు ఆ శుద్ధి ఉండదు. కాబట్టి గానుగకు వేసే గింజలు తినే గింజలంత మంచివై ఉండాలి. పుచ్చులు, ముడతలు పడ్డవి నూనెకు పంపడం సరి కాదు.

మరి బ్యాక్టీరియా ఏమి చేయగలదు?

అవ్వ కోడలు టీవీలో చూసింది అబద్ధం కాదు. మేలుచేసే బ్యాక్టీరియాతో బూజు విషాన్ని తగ్గించవచ్చా అని శాస్త్రవేత్తలు అరవై ఏళ్లుగా వెతుకుతున్నారు. వారు కనుగొన్నవి చూస్తే బ్యాక్టీరియా చేసే పనులు వేరువేరుగా ఉన్నాయి. ఒకటి బూజును పెరగనివ్వకపోవడం. రెండోది తయారైన విషాన్ని విరగ్గొట్టడం. మూడోది విషాన్ని విరగ్గొట్టకుండానే తన ఒంటికి అంటించుకుని పట్టి ఉంచడం. ఈ మూడింటికీ తేడా తెలియకనే అపోహలు పుడుతున్నాయి.

విరగ్గొట్టే దానితోనే కథ మొదలైంది. 1966లో అమెరికాలోని పియోరియా పట్టణంలో ప్రభుత్వ వ్యవసాయ ప్రయోగశాలవారు సుమారు వెయ్యి సూక్ష్మజీవులను ఒక్కొక్కటిగా పరీక్షించారు. వాటిలో ఫ్లేవోబ్యాక్టీరియం అనే పేరుతో పిలిచిన ఒక్క బ్యాక్టీరియా మాత్రమే ద్రవంలో ఉన్న అఫ్లాటాక్సిన్‌ను తిరిగి రాకుండా తొలగించింది. పాలలో, నూనెలో, మొక్కజొన్నలో, వేరుశనగలో కూడా ఆ పని చేసింది. అది మన వంటింటికి ఎందుకు రాలేదని అడగవచ్చు. దానికి నారింజ రంగు ఉంది, తాకిన తిండినంతా ఆ రంగులోకి మార్చేస్తుంది. పైగా అది మనిషి తిండిలో ఎన్నడూ ఉన్న జీవి కాదు. విషాన్ని తీసేయడానికి ఇంకొక తెలియని జీవిని తినిపించడం సబబు కాదు కదా. ఆ తర్వాత బాసిల్లస్ సబ్టిలిస్ వంటి బ్యాక్టీరియాలో కూడా ఈ విషాన్ని విరగ్గొట్టే ఎంజైములు ఉన్నాయని తెలిసింది. వాటి మీద పని ఎక్కువగా పశువుల దాణా కోసం సాగుతోంది.

బూజును పెరగనివ్వకపోవడం రైతుకు దగ్గరి సంగతి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వేరుశనగ పొలాల మట్టి నుంచే సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియాను, ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంద్రాన్ని తీసుకుని, గింజలోకి ఆస్పర్జిల్లస్ చేరకుండా అవి అడ్డుకుంటాయేమో పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. వేర్ల చుట్టూ ఉన్న చోటును, తిండిని ఇవి ముందే ఆక్రమించుకుంటాయి, బూజుకు పడని పదార్థాలు విడుదల చేస్తాయి. ఈ రెండూ విత్తనశుద్ధి పొడులుగా ఎరువుల దుకాణాల్లో దొరుకుతాయి. ఒక్క హెచ్చరిక మాత్రం చెప్పాలి. ఆ పొట్లాలు విత్తనానికి, పొలానికి మాత్రమే. ఇంట్లో తినడానికి నిల్వ పెట్టిన గింజల్లో వాటిని కలపకూడదు. "బ్యాక్టీరియానే కదా, మంచిదే కదా" అని జొన్నల మూటలో ఆ పొడి చల్లిన ఒక కుటుంబాన్ని మేము చూశాము. అదృష్టవశాత్తు వండకముందే చెప్పారు.

ఆఫ్రికా దేశాల్లో, అమెరికాలో ఇంకొక పద్ధతి వాడుకలోకి వచ్చింది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్‌లోనే విషం తయారు చేయలేని రకాలను ఎంచుకుని, వాటిని గింజలకు పట్టించి పొలంలో చల్లుతారు. అవి చోటు ఆక్రమించుకుని విషపు రకాన్ని పక్కకు నెట్టేస్తాయి. ముల్లును ముల్లుతో తీసినట్లన్నమాట. అయితే అది బ్యాక్టీరియా కాదు, బూజే. పైగా పైరు మీద ఉన్నప్పుడు చేయవలసిన పని, మూట కట్టిన తర్వాత కాదు.

మూట కట్టిన తర్వాత పనిచేసే బ్యాక్టీరియా కూడా లేకపోలేదు. 2015లో చైనా శాస్త్రవేత్తలు సముద్రపు అడుగు మట్టి నుంచి తీసిన షెవనెల్లా అనే బ్యాక్టీరియా గింజను తాకకుండానే, కేవలం తాను విడుదల చేసే గంధకపు ఆవిరితోనే మొక్కజొన్న, వేరుశనగ మీద ఆస్పర్జిల్లస్‌ను మొలకెత్తకుండా ఆపిందని ప్రకటించారు. మూసిన పాత్రలో చేసిన ప్రయోగమది. ముచ్చటైన విషయమే గానీ, మన గాదెకు ఇంకా చాలా దూరంలో ఉంది.

ఇక మూడోది, పెరుగు సంగతి. పెరుగులో, పులిసిన పిండిలో ఉండే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా అఫ్లాటాక్సిన్‌ను తినదు. దాని పైగోడకు విషం అంటుకుంటుంది. గోడకు సున్నం పట్టినట్లు ఊహించుకోండి. 1998లో ఫిన్లాండులోని శాస్త్రవేత్తలు లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ అనే జాతిలోని కొన్ని రకాలను విషం కలిపిన ద్రవంలో వేస్తే, దాదాపు 80 శాతం విషం చూస్తుండగానే వాటికి అంటుకుంది. చనిపోయిన బ్యాక్టీరియాకు కూడా అంటుకుంది. అంటే ఇది జీర్ణం చేసుకోవడం కాదు, అతుక్కోవడం మాత్రమే. నీళ్లతో మళ్లీ మళ్లీ కడిగితే కొంత విషం ఊడి వస్తుంది కూడా.

ఇలా అంటుకున్న విషం పేగుల్లో ఒంటికి పట్టకుండా మలంతో బయటకు పోతే మేలే కదా? ఆ ఆశతోనే చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరంలో 90 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద పరీక్ష చేసి 2006లో ఫలితాలు ప్రకటించారు. సగం మందికి రోజుకు రెండుసార్లు ఈ బ్యాక్టీరియా ఉన్న గొట్టం మాత్రలు, సగం మందికి ఉత్త మాత్రలు ఐదు వారాలు ఇచ్చారు. విషం డీఎన్ఏకు అతుక్కున్నప్పుడు తెగిపడే ఒక ముక్క మూత్రంలో కనిపిస్తుంది. దానిని కొలిచారు. మందు తీసుకున్నవారిలో అది మూడో వారానికి 36 శాతం, ఐదో వారానికి 55 శాతం తగ్గింది. మాకు తెలిసినంతలో మనుషుల్లో చేసిన పరీక్షల్లో ఇది ఆశ కలిగించేది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. 55 శాతం తగ్గింది అంటే 45 శాతం మిగిలింది. అది కూడా ఎంపిక చేసిన రకం, కొలిచిన మోతాదు, రోజూ రెండు పూటలా. మన ఇంటి పెరుగులో ఏ రకాలు ఉంటాయో ఆ తోడును బట్టి, ఆ కాలాన్ని బట్టి మారిపోతుంది. పెరుగు తింటే పేగులకు మంచిదే, తినండి. బూజు గింజలకు విరుగుడుగా మాత్రం లెక్క పెట్టవద్దు.

అవ్వ అంబలి సంగతి

జొన్నపిండిని రాత్రి నానబెట్టి పులియనిచ్చి పొద్దున కాచుకునే అంబలి మంచి ఆహారం. పులుపు వల్ల చెడ్డ క్రిములు తక్కువగా పెరుగుతాయి, తేలికగా అరుగుతుంది. తరవాణి, చద్దన్నం, ఇడ్లీ, దోసెల పిండి అన్నిటికీ ఈ మేలు ఉంది. పులియబెట్టినప్పుడు విషం కొంత తగ్గినట్లు కూడా అక్కడక్కడ పరీక్షల్లో కనిపించింది. కానీ ఆ తగ్గుదలలో చాలా భాగం ఈ అంటుకోవడమే. బ్యాక్టీరియాను, దానికి అంటుకున్న విషాన్ని కలిపి మనమే తాగుతున్నాము. లోపలికి వెళ్లాక అది ఎంత పట్టి ఉంటుందో, ఎంత ఊడిపోతుందో ఇంటి కుండ చెప్పలేదు.

జొన్నకు ఇంకొక బూజు బెడద ఉంది. 1995లో దక్కన్ పీఠభూమి పల్లెల్లో, వానకు తడిసి బూజు పట్టిన జొన్న, మొక్కజొన్న రొట్టెలు తిన్నవారికి కడుపునొప్పి, పేగుల్లో గడగడ శబ్దాలు, విరేచనాలు పట్టుకున్నాయి. పరిశీలించిన 50 గ్రామాల్లో 27 గ్రామాల్లో ఇది కనిపించింది. జాతీయ పోషకాహార సంస్థవారు ఆ గింజల్లో ఫ్యుమోనిసిన్ అనే వేరొక విషాన్ని పట్టుకున్నారు. అది అఫ్లాటాక్సిన్ తయారు చేసే బూజు పని కాదు, ఫ్యుసేరియం అనే బూజు పని. ఆ గింజలు తినడం మానగానే జనం తేరుకున్నారు. కాబట్టి ఒక బూజు విషాన్ని పట్టుకునే బ్యాక్టీరియా ఇంకొక దానిని కూడా పట్టుకుంటుందని అనుకోవడానికి లేదు.

అందుకే ఆ అవ్వతో, "అవ్వా, మంచి జొన్నలైతే పులియబెట్టుకో. బూజు జొన్నలైతే పులియబెట్టినా తినొద్దు" అన్నాము. "మంచియి ఉంటే నేనెందుకు అడుగుతా సిస్టరమ్మా" అని ఆమె అంది. ఆ మాటా నిజమే.

చేట, పట్ట, ఉప్పు సీసా

మూటంతా పారేయక్కరలేదు. ఈ విషం మూటలో సమానంగా పరుచుకుని ఉండదు. కొద్దిపాటి గింజల్లోనే చాలా భాగం పోగుపడి ఉంటుంది. వేరుశనగలో మరీను. ముడతలు పడ్డవి, రంగు మారినవి, పుచ్చినవి, విరిగినవి, మొలక వచ్చినవి, పసుపు లేక ఆకుపచ్చ పొడి అంటినవి వేరు చేస్తే విషంలో ఎక్కువ పాలు వాటితోపాటు వెళ్లిపోతుంది. పొట్టు తీసి రెండు బద్దలుగా విడదీసి చూస్తే లోపల దాగిన బూజు కూడా దొరుకుతుంది. జొన్నలో, మొక్కజొన్నలో ఏరడం ఇంత సులువు కాదు. అక్కడ బూజు గడ్డ కట్టిన భాగాన్ని, దాని చుట్టూ రంగు మారినదాన్ని ధారాళంగా తీసేయాలి. మూటంతా ముక్క వాసన వేస్తుంటే మాత్రం ఏరే ప్రయత్నం వద్దు.

ఈ చిన్న పనుల బలం ఎంతో చెప్పే పరీక్ష ఒకటి ఉంది. పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశంలో 20 గ్రామాల్లో చేసి 2005లో ప్రకటించారు. సగం గ్రామాలవారికి మందులేమీ ఇవ్వలేదు. చెడ్డ కాయలు చేత్తో ఏరడం, నేల మీద కాక చాపల మీద ఆరబెట్టడం, ప్లాస్టిక్ సంచులకు బదులు నార సంచులు వాడటం, వాటిని చెక్క బల్లల మీద ఎత్తులో పెట్టడం, పురుగులు చేరకుండా చూడటం, ఇంతే నేర్పారు. ఐదు నెలల తర్వాత వారి రక్తంలో అఫ్లాటాక్సిన్ గుర్తు మిగిలిన గ్రామాలవారిలో ఉన్నదానిలో సగం కూడా లేదు. గ్వాంగ్‌ఝౌ మాత్రలు సాధించిన దానికి ఇది ఏమాత్రం తీసిపోదు. చాపకు, సంచికి అయ్యే ఖర్చు ఎంతో మీకు తెలుసు.

వేరుశనగ పీకిన తర్వాత చెట్లను తిరగేసి కాయలు పైకి వచ్చేలా ఆరబెడితే నేల తేమ తగలదు. ఊపితే లోపల గింజ గలగలలాడే దాకా ఎండనివ్వాలి. కాయలో తేమ 8 శాతానికి, మొక్కజొన్నలో 12, 13 శాతానికి దిగాలి. వలవడం సులువని కాయల మీద నీళ్లు చల్లే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. చల్లితే మాత్రం మళ్లీ ఎండబెట్టకుండా మూట కట్టకండి. అలా కట్టిన మూట బూజుకు పుట్టిల్లే.

తేమ కొలిచే యంత్రం లేనివారికి ఉప్పు సీసా ఉంది. మూత గట్టిగా పట్టే, పూర్తిగా ఆరిన గాజు సీసా తీసుకోండి. ఉప్పును పెనం మీద వేడి చేసి గానీ, మంచి ఎండలో గానీ పొడిపొడిగా ఆరనివ్వండి. సీసాలో మూడో వంతు వరకు గింజలు పోసి, రెండు మూడు చెంచాల ఉప్పు వేసి, మూత బిగించి ఒక నిమిషం బాగా కుదిపి, పావుగంట అలా ఉంచండి. ఉప్పు గాజుకు అతుక్కుంటే గింజలో తేమ 15 శాతానికి మించి ఉందని, ఇంకా ఎండాలని అర్థం. అతుక్కోకపోతే తేమ అంతకు తక్కువ. వేరుశనగకు ఇది పనికిరాదు, దానికి ఇంకా ఎక్కువ ఆరుదల కావాలి. గింజలు చల్లారిన తర్వాతే పరీక్షించాలి, చల్లారిన తర్వాతే మూట కట్టాలి.

జొన్నల పాతర ఉన్నవారికి ఒక మాట. గాలి చొరబడని చోట బూజు పెరగదు కాబట్టి పాతర ఆలోచన మంచిదే. ఈ మధ్య వస్తున్న గాలి చొరబడని మూడు పొరల సంచులదీ అదే సూత్రం. కానీ గోడ నుంచి నీరు ఊరిన పాతరలో పైన, పక్కల నల్లటి పొర కడుతుంది. దానిని మంచి జొన్నల్లో కలపకండి. పాతర తెరిచిన వెంటనే ఎవరినీ లోపలికి దించకండి. అందులోని గాలికి ఊపిరాడక మనుషులు చనిపోతారు. చాలాసేపు తెరిచి ఉంచి, దీపం దించి ఆరిపోకుండా వెలుగుతుందని చూసుకుని, పైన మనిషి తాడు పట్టుకుని ఉంటేనే దిగాలి.

గొడ్లకు వేస్తే?

ఏరి తీసినవి బర్రెకు వేస్తామంటారు చాలామంది. బర్రె తిన్న విషంలో కొంత భాగం రూపు మార్చుకుని ఒక్క రోజులోపే పాలలోకి వస్తుంది. ఆ పాలు ఎవరు తాగుతారు? ఇంట్లో చిన్నపిల్లలు, బాలింతలు. పాలు కాచినా అది పోదు. పాలకు దేశంలో పెట్టిన హద్దు కిలోకు అర మైక్రోగ్రాము మాత్రమే. 2018లో దేశమంతటా సేకరించిన 6,432 పాల నమూనాలను పరీక్షిస్తే 368 నమూనాలు ఆ హద్దు దాటాయి. వాటికి కారణం ముఖ్యంగా బూజు పట్టిన చెక్క, దాణా, మేతే. మంచి కబురేమిటంటే చెడ్డ దాణా మానిస్తే మూడు నాలుగు రోజుల్లో పాలు తేటపడతాయి. కోళ్లు, బాతులు ఈ విషానికి పెద్ద గొడ్ల కంటే త్వరగా లొంగిపోతాయి, ముఖ్యంగా పిల్లలు. ఏరిన గింజలను పశువులు, కోళ్లు తవ్వలేనంత లోతుగా పాతిపెట్టండి. ఏరేటప్పుడు ఆ దుమ్ము పీల్చకుండా ముక్కు, నోరు గుడ్డతో కట్టుకోండి.

కామెర్లు, హెపటైటిస్ బి ఉన్నవారు ఇంట్లో ఉంటే ఈ జాగ్రత్తలు వారి పళ్లెం దగ్గర మొదలు కావాలి. బూజు గింజలు తిన్న తర్వాత ఆకలి చచ్చిపోవడం, వాంతులు, కళ్లు పచ్చబడటం, పొట్ట ఉబ్బడం కనిపిస్తే నాటు మందులతో రోజులు గడపకుండా వెంటనే ఆసుపత్రికి రండి. వచ్చేటప్పుడు ఆ గింజలు పిడికెడు ఒక సంచిలో కట్టి తెండి. అదే గింజలు తిన్న ఇరుగుపొరుగు ఎవరికైనా ఇలాగే ఉందేమో కూడా చెప్పండి.

ఆ అవ్వ మరుసటి వారం కోడలిని వెంటబెట్టుకుని బుడ్డల మూట తెచ్చింది. తరగతికి వచ్చిన ఆడవాళ్లంతా వరండాలో చేటలు పెట్టుకుని మధ్యాహ్నం దాకా ఏరారు. మూటలో నాలుగో వంతుకు కొంచెం తక్కువ పోయింది. మిగిలినవి పట్ట మీద రెండు రోజులు ఎండబెట్టి తీసుకెళ్లింది. జొన్నలు మాత్రం ముక్క వాసన కొడుతున్నాయని కోడలే పెరట్లో గుంట తీసి పూడ్చేసిందట. ఆ నెలకు సరిపడా జొన్నలు తరగతిలోని ఆడవాళ్లే తలా కొంచెం పోశారు. ఆ రోజు చూపించిన ఉప్పు సీసా ఇప్పుడు మందుల కిటికీ పక్కన అలమరలో ఉంది. ఆసుపత్రికి వచ్చేటప్పుడు రెండు గుప్పిళ్ల గింజలు తెచ్చుకుంటే మా సిస్టర్లు మీ ముందే పరీక్షించి చూపిస్తారు.